మ్యాక్‌బుక్ ఎయిర్, థింక్‌ప్యాడ్: పాతబడినా గిరాకీ ఎందుకు తగ్గదు?

2020లో వచ్చిన ఆపిల్ ల్యాప్‌టాప్ ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ ధరను నిలబెట్టేది దాని ఎం1 చిప్పే. ఫ్యాన్ లేకున్నా వేగం తగ్గినట్టు రోజువారీ పనుల్లో తెలియదు. కానీ ర్యామ్ (పనిచేసే మెమరీ), ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే భాగం) మార్చుకునే వీల్లేదు. 8 జీబీ ర్యామ్‌ది కొంటే చివరిదాకా అంతే. బ్యాటరీ సైకిళ్లు (ఒక నిండు ఛార్జంత వాడితే ఒక సైకిల్) చూడండి, పరిమితి 1000. పాత యజమాని తన ఐక్లౌడ్ (ఆపిల్ ఆన్‌లైన్ ఖాతా) నుంచి దాన్ని తీసేయకపోతే యాక్టివేషన్ లాక్ అనే దొంగతనం నిరోధక తాళం పడి ఎందుకూ కొరగాదు.

2018 నాటి లెనోవో ల్యాప్‌టాప్ థింక్‌ప్యాడ్ టీ480కి విలువ తెచ్చేది విప్పి బాగుచేసుకునే సౌలభ్యం. కింది మూత తీస్తే రెండు ర్యామ్ స్లాట్లు, మార్చదగ్గ ఎస్‌ఎస్‌డీ కనిపిస్తాయి. బ్యాటరీలు రెండు: ఒకటి లోపల, ఒకటి బయట. లోపలిది బాగుంటే యంత్రం ఆపకుండానే బయటిది మార్చేయొచ్చు, ఎంత హాయో! పాత థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ (యూఎస్‌బీ-సీ పోర్టును నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) మాత్రం ఆ పోర్టును పాడుచేయొచ్చు. కొన్నరోజే అప్‌డేట్ చేయాలి. 1366×768 తెర ఉన్నది వద్దు, రంగులు వెలిసినట్టుంటాయి.

రెండేళ్లలో తిరిగి అమ్మేవారికి ఎయిర్, ఏళ్లతరబడి వాడేవారికి టీ480.