భీమవరంలో ఇంటర్ కెమిస్ట్రీ ట్యూషన్: ఆరు నెలలు పంపాక నా మాట

మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. కాలేజీలో రసాయన సమతాస్థితి రెండు రోజుల్లో లాగించేసి, మిగతాది మెటీరియల్‌లో చూసుకోమన్నారు, పిల్లకి ఒకటే టెన్షన్. మా వీధి చివర రిటైరైన మాస్టారొకాయన సాయంత్రాలు చెబుతారంటే పంపాను.

ఈయన తప్పు లెక్కని వెంటనే కొట్టెయ్యరు, అదే నాకు బాగా నచ్చింది. హైడ్రోజన్, అయోడిన్ ఒక్కో మోల్, లీటరు పాత్ర, కేసీ (సమతాస్థితి స్థిరాంకం) 49, హెచ్‌ఐ (హైడ్రోజన్ అయొడైడ్) ఎంత వస్తుంది అన్న లెక్కలో, ఒక్కో హైడ్రోజన్ అణువుకి రెండు హెచ్‌ఐలు వస్తాయి కాబట్టి 2ఎక్స్ వెయ్యాల్సింది, మా పిల్ల ఎక్స్ వేసి 0.875 తెచ్చింది. "మొదట్లో హైడ్రోజన్ పరమాణువులు 2 మోల్స్ కదమ్మా, నీ జవాబులో ఎన్నున్నాయో లెక్కపెట్టు" అన్నారట. 1.125 తేలాయి. మిగతావి ఏమయ్యాయా అని తనే వెతుక్కుని, 2ఎక్స్ వేసి, రెండువైపులా వర్గమూలం తీస్తే ఎక్స్ 7/9, హెచ్‌ఐ 1.56 మోల్స్. మళ్లీ లెక్కపెడితే సరిగ్గా 2! ఇప్పుడు ఏ లెక్కయినా అలా సరిచూసుకోందే పెన్ను మూయదు.

మాకు రొయ్యల చెరువులున్నాయని తెలిసి, మధ్యాహ్నం పీహెచ్ ఎక్కితే అమ్మోనియాతో భయం దేనికని తననే అడిగారట. ఎండకి నీళ్లలోని ప్లాంక్టన్ కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుంటుంది, పీహెచ్ పెరుగుతుంది, దాంతో అంతగా హాని చేయని అమ్మోనియం కాస్తా విషమైన అమ్మోనియాగా మారుతుంది. అందుకే రిపోర్టులో మొత్తం అమ్మోనియా అంతే ఉన్నా, పీహెచ్ 7.5 దగ్గర లేని ప్రమాదం 9 దగ్గర ఉంటుంది. ఇన్నేళ్లూ ల్యాబ్ వాళ్లు చెప్పింది చేసుకుపోయాను, కారణం మాత్రం మా అమ్మాయి చెరువు గట్టు మీద నిలబడి చెబితేనే తెలిసింది. ఆ రోజు నాకు కళ్లు చెమర్చాయండి.

రసాయన బంధంలో అణువుల ఆకారాలు బాగా చెప్పారు. నాలుగు బెలూన్లు ఒకచోట ముడేసి, ఒంటరి జంటలకి (బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ జంటలకి) గుర్తుగా రెండింటిని ఎక్కువ ఊది, మీథేన్‌లో 109.5 డిగ్రీలున్న కోణం నీటిలో 104.5 ఎందుకయిందో చూపించారు. అణు ఆర్బిటాల్ సిద్ధాంతం మాత్రం హడావిడిగా ముగించారు, ఆక్సిజన్‌ని అయస్కాంతం ఎందుకు ఆకర్షిస్తుందో, అందులోని రెండు జతలేని ఎలక్ట్రాన్ల సంగతి, మావాడే... మా అక్క కొడుకు ఇంట్లో కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది.

ఈఏపీసెట్ షార్ట్‌కట్లు ఇక్కడ దొరకవు. చేర్చేవాళ్లు జూన్‌లోనే చేర్చండి, గది చిన్నది, ఆలస్యమైతే వెనక వరసే, అక్కడికి బోర్డు సరిగ్గా ఆనదు.