జాగ్రత్త: హెడ్ గ్యాస్కెట్ మార్చామన్నారు, నట్ల మీద మట్టి మాత్రం చెక్కు చెదరలేదు

పాత బండ్లు నడిపేవాళ్లలో ఆ వర్క్‌షాపు తెలియనివారు ఉండరు. పాత ఇంజన్లకు మళ్లీ ప్రాణం పోస్తామని వీడియోలు పెడుతుంటారే, నల్ల గ్లౌజులు వేసుకుని ఒక్కో బోల్టును పసిపాపను ఎత్తుకున్నట్టు ఎత్తి చూపిస్తుంటారే, వాళ్లే. పేరు రాయను, రాయకపోయినా మీకు తెలిసే ఉంటుంది. అక్కడికి బండి పంపే ఆలోచనలో ఉన్నవారు ముందు ఇది చదవండి.

నాది కార్బ్యురేటర్ ఉన్న పాత సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్ బండి. ఇంజన్ ముందువైపు సిలిండర్ రెక్కల మధ్య నుంచి ఆయిల్ కారుతోంది. నిలబెడితే కింద మరక. నడిపితే గాలికి వెనక్కి కొట్టుకుపోయి ఫుట్‌రెస్టు జిడ్డు, వెనక టైరు అంచున తడి. టైరుకు ఆయిల్ అంటిన బండి మలుపులో ఏం చేస్తుందో మీకు చెప్పనక్కర్లేదు. అందుకే వాయిదా వేయకుండా తీసుకెళ్లాను.

యజమాని నిలబడే చూశారు. గుడ్డతో తుడవలేదు, వంగనైనా లేదు. "హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్, పైభాగం విప్పాల్సిందే" అని తేల్చేశారు. సిలిండర్‌కూ దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కూ మధ్య సందు లేకుండా మూసే పలచటి పొరే హెడ్ గ్యాస్కెట్. నాడి పట్టకుండానే రోగం చెప్పేశారన్నమాట. అనుభవం అనుకున్నాను. అన్ని వీడియోలు చూసిన కళ్లు మరి, ఇంకోలా ఎలా అనుకుంటాయి?

బండి తిరిగి వచ్చేసరికి తళతళలాడుతోంది. బిల్లులో కొత్త హెడ్ గ్యాస్కెట్, హెడ్ విప్పి బిగించిన కూలి, హెడ్ ఫేసింగ్, కొత్త ఆయిల్. ఫేసింగ్ అంటే హెడ్ అడుగు తలాన్ని సమంగా అరగదీయడం. అంత శ్రద్ధ తీసుకున్నారని మురిసిపోయి, అడిగినంతా ఇచ్చి వచ్చాను.

వారం తిరగకుండానే మళ్లీ అదే రెక్కల మధ్య అదే తడి.

ఈసారి కిందకు వంగి, టార్చి వేసి చూశాను. హెడ్ తీయాలంటే పైన ఉన్న నాలుగు టోపీ నట్లూ విప్పక తప్పదు. వేరే దారి లేదు. ఆ నట్ల చుట్టూ ఏళ్ల తరబడి పేరుకున్న మట్టి, ఆయిల్ కలిసి గట్టిపడిన నల్లటి పొర అలాగే ఉంది. స్పానరు పడితే నట్టు మూలల్లో మెరుపు కనిపించాలి, పొర పగలాలి. ఇక్కడ గీత కూడా లేదు. బయట కనిపించే చోటల్లా నురగ పెట్టి కడిగినవాళ్లు ఆ మూలలు మాత్రం వదిలేశారు. హెడ్ విప్పకుండా ఫేసింగ్ చేసే విద్య ఎక్కడ నేర్చుకున్నారో తెలియదు.

వెంటనే వెళ్లి అడిగాను. ముందు మర్యాదగానే అడిగాను. "తీసిన పాత గ్యాస్కెట్ ఒకసారి చూపిస్తారా?" అన్నాను. కుర్రవాడొకడు లోపలికి వెళ్లి, చాలాసేపటికి మసి పట్టిన గ్యాస్కెట్ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇదిగో సార్, మీదే" అన్నారు యజమాని.

ఆ గ్యాస్కెట్‌ను ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాను. మధ్యలో గుండ్రటి రంధ్రం, చుట్టూ నాలుగు బోల్టు రంధ్రాలు. అంతే. నా ఇంజన్‌లో వాల్వులను తెరిచే ఇరుసు, అంటే క్యామ్‌షాఫ్టు, పైన హెడ్‌లో ఉంటుంది. దాన్ని తిప్పే టైమింగ్ చైన్ కింద నుంచి సిలిండర్ పక్కగా పైకి వెళ్తుంది. కాబట్టి గ్యాస్కెట్‌కు పెద్ద రంధ్రం పక్కనే చైన్ దూరడానికి పొడవాటి కోత ఉండి తీరాలి. వాళ్లు తెచ్చినదానికి ఆ కోత లేదు. అది ఏ టూ స్ట్రోక్ బండిదో! టూ స్ట్రోక్‌కు క్యామూ ఉండదు, టైమింగ్ చైనూ ఉండదు.

"మరి నా చైన్ ఎటు నుంచి పోయిందండీ?" అని అడిగాను.

ఆయన ముఖంలో తడబాటు లేదు. అక్కడున్న మిగతా కస్టమర్ల వైపు తిరిగి నవ్వారు. "వీడియోలు చూసి అందరూ మెకానిక్‌లు అయిపోతున్నారు సార్. పాత బండి ఆయిల్ కారకూడదంటే అద్దాల బీరువాలో పెట్టుకోండి, రోడ్డెక్కించకండి." ఆ వీడియోలు పెట్టింది ఎవరు మహానుభావా? ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. గ్యాస్కెట్ తెచ్చిన కుర్రవాడు మాత్రం తల ఎత్తలేదు. నట్ల ఫొటో ఫోనులో చూపించబోతే ఆయన అప్పటికే ఇంకొకరి బండి దగ్గరికి వెళ్లిపోయారు. డబ్బు పోవడం కన్నా ఆ నవ్వు ఎక్కువ మండించింది.

ఇంటికొచ్చి నేనే మొదలుపెట్టాను. వాళ్లు మొదటి రోజే చేయవలసిన పని ఇది. కిరోసిన్, బ్రష్షుతో ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అనుమానం ఉన్న చోటల్లా టాల్కం పౌడరు చల్లాను. కాసేపు నడిపి చూస్తే తెల్లటి పొర మీద సన్నటి నల్ల చార స్పష్టంగా కనిపించింది. అది హెడ్ గ్యాస్కెట్ అతుకు దగ్గర మొదలవలేదు. దానికి పైన, ఎగ్జాస్ట్ వైపు ట్యాపెట్ మూత (వాల్వుల సందు సరిచేయడానికి హెడ్ మీద ఉండే చిన్న మర మూత) అంచున మొదలై రెక్కల మీదుగా కిందకు దిగింది. ఆయిల్ జారేది కిందకు, గాలి తోసేది వెనక్కి. కాబట్టి తడి కనిపించిన చోట కాకుండా, అన్నిటికన్నా పైన, ముందు ఉన్న తడి చోట వెతకాలి.

ట్యాపెట్ మూత విప్పాను. అప్పుడు బయటపడింది అసలు మోసం.

మూత లోపలి గాడిలో పాత ఓ రింగే (ఆయిల్ కారకుండా ఆపే గుండ్రటి రబ్బరు సీలు) ఉంది. గుండ్రంగా ఉండవలసిన రబ్బరు నలిగి చదునుగా మారి, వేలితో వంచగానే పుటుక్కున విరిగింది. దాని మీద, మూత మర చుట్టూ ఎర్రటి సిలికాన్ పేస్టు. అంటే ఆయిల్ ఎక్కడి నుంచి కారుతోందో వాళ్లకు తెలుసు! సరిగ్గా అక్కడే పూశారు. తెలిసే, చిల్లర ఖరీదు చేసే రబ్బరు రింగు మార్చకుండా, హెడ్ గ్యాస్కెట్ పేరుతో బిల్లు రాశారు. పొరపాటుగా చెప్పారని ఇక ఎలా అనుకోవాలి?

ఇంకా ఉంది. సిలికాన్ ఎక్కువ పూస్తే బిగించినప్పుడు బయటికి ఎంత పొంగుతుందో లోపలికీ అంతే పొంగుతుంది. మూత లోపల ఎర్రటి తీగలు వేలాడుతున్నాయి. ఒక ముక్క ఏకంగా వాల్వును నొక్కే రాకర్ ఆర్మ్ మీద పడి ఉంది. భయమేసి ఆయిల్ దింపి, పక్క కవరు తీసి స్ట్రెయినర్ చూస్తే జల్లెడకు ఎర్రటి పేలికలు అతుక్కుని ఉన్నాయి. పంపు ఆయిల్ పీల్చేది ఆ జల్లెడలోంచే. అది మూసుకుపోతే ముందుగా ఎండిపోయేది పైనున్న క్యామ్‌షాఫ్టు, రాకర్లు. నా బండికి ఆయిల్ ప్రెషర్ దీపం కూడా లేదు. మరికొంత కాలం నడిపి ఉంటే నిజంగానే హెడ్ విప్పాల్సి వచ్చేది, మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాల్సి వచ్చేదేమో!

కొసరుగా ఆయిల్ కూడా మట్టం చూపే పై గీత దాటించి పోశారు. ఎక్కువైతే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఇంజన్ లోపలి ఒత్తిడి బయటికి పోయే బ్రీథర్ గొట్టంలోంచి ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి కక్కుతుంది. నా ఫిల్టర్ తడిసి ఉండడానికి కారణం అదే. బలహీనంగా ఉన్న మిగతా సీళ్ల గతి ఏమిటో చూడాలి.

కొత్త ఓ రింగ్‌కు చుక్క ఆయిల్ రాసి, మూతను ముందు చేత్తో తిప్పి, తర్వాత స్పానరుతో కొద్దిగా బిగించాను. అల్యూమినియం మర, బలం చూపిస్తే పోతుంది. జల్లెడ కడిగి, కవరుకు కొత్త గ్యాస్కెట్ వేసి, ఆయిల్ సరిగ్గా గీత వరకు పోశాను. ఇప్పుడు కారడం లేదు. సిలికాన్ అసలు వాడకూడదని అనడం లేదు, కొన్ని అతుకులకు తయారీదారులే పలచగా పూయమంటారు. ఓ రింగ్ ఉండవలసిన చోట పూయమని ఎవరూ చెప్పరు.

ఫొటోలన్నీ పంపి డబ్బు అడిగాను. జవాబు వచ్చింది: నేను రాసిన రివ్యూ తీసేస్తే వచ్చే సర్వీసులో తగ్గింపు ఇస్తారట. వచ్చే సర్వీసు!

అన్నట్టు, ఇంకెవరి దగ్గరికైనా తీసుకెళ్లేవాళ్లు బండి ఇచ్చే ముందు హెడ్ నట్లు, కవరు బోల్టులు దగ్గరగా ఫొటో తీసి పెట్టుకోండి. కడిగి, పౌడరు చల్లి చూడకుండా ఇంజన్ విప్పుతామంటే ఒప్పుకోవద్దు. బ్రీథర్ గొట్టం మడత పడిందేమో, మూసుకుపోయిందేమో ముందే చూడమనండి, దానివల్ల కూడా సీళ్ల దగ్గర కారుతుంది. తీసిన పాత భాగాలు కావాలని మొదటే చెప్పండి, డబ్బు ఇచ్చాక అడిగితే నాకు చూపించిన గ్యాస్కెట్టే మీకూ చూపిస్తారు.