రెజిల్‌మేనియా 17: ఇన్నేళ్లు చూశాక నా రివ్యూ

"రెజ్లింగ్ ఎప్పుడూ చూడలేదు, ఒక్క షో చెప్పు చాలు" అని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా చెప్పే పేరు రెజిల్‌మేనియా 17. ఇప్పుడు డబ్ల్యూడబ్ల్యూఈ అని పిలిచే రెజ్లింగ్ కంపెనీ ఏటా చేసే అతిపెద్ద షో రెజిల్‌మేనియా, అందులో ఇది పదిహేడోది. 2001 ఏప్రిల్ 1న టెక్సస్ రాష్ట్రం హ్యూస్టన్‌లోని ఆస్ట్రోడోమ్‌లో జరిగింది. స్టేడియంలో 67,925 మంది ఉన్నారని కంపెనీ ప్రకటించింది. ఇంట్లో టీవీకి విడిగా డబ్బు కట్టి చూసిన కొనుగోళ్లు పది లక్షల పైమాటే. అప్పటికి ఆ కంపెనీ పేరు ఇంకా డబ్ల్యూడబ్ల్యూఎఫ్. నేను ముందు కేబుల్‌లో ముక్కలు ముక్కలుగా, తర్వాత అద్దె సీడీల్లో, ఆపైన ఫోన్‌లో చూశాను. ఎన్నిసార్లంటే చెప్పలేను.

"ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు కదా, ఇక చూడ్డానికేముంది?" అని మా ఇంట్లో ఇప్పటికీ అడుగుతారు. నిజమే, రాసుకుంటారు. ఆ సంగతి తెలిసి కూడా కూర్చుని చూడాలంటే వాళ్లిద్దరూ ఎందుకు కొట్టుకుంటున్నారో మనకి పట్టాలి. ఈ షోలో కారణం గట్టిగా ఉన్న పోట్లాటలు ఇప్పటికీ పట్టి కూర్చోబెడతాయి. కారణం లేనివాటిని నేను ముందుకి జరిపేస్తాను.

అన్నిటికన్నా పెద్ద కారణం ఆఖరి మ్యాచ్‌ది. స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్, ది రాక్. 1999లో రెజిల్‌మేనియా 15లో వీళ్లిద్దరూ తలపడితే ఆస్టిన్ గెలిచాడు. అప్పుడు రాక్ విలన్, ఆస్టిన్ హీరో, కథ సులువు. రెండేళ్లు తిరిగేసరికి ఇద్దరూ హీరోలే. అంతకుముందు నుంచీ ఆస్టిన్‌కి ఏమైందో తెలిస్తేనే ఈ మ్యాచ్ రుచి తెలుస్తుంది. 1997లో సమ్మర్‌స్లామ్ అనే ఇంకో పెద్ద షోలో, ఓవెన్ హార్ట్ అనే రెజ్లర్ తలకిందులుగా పట్టి నేలకి కొట్టిన పైల్‌డ్రైవర్ దెబ్బకి అతని మెడ నిజంగానే దెబ్బతింది. ఆ మెడతోనే రెండేళ్లకు పైగా లాగాడు. 1999లో సర్వైవర్ సిరీస్ అనే షోలో కారుతో గుద్దించినట్టు కథ రాసి, ఆ వంకతో ఆపరేషన్‌కి పంపారు. అతను లేని నెలల్లో కంపెనీకి ముఖం రాక్ అయ్యాడు. ఆస్టిన్ 2000 చివర్లో తిరిగొచ్చి, 2001 జనవరిలో రాయల్ రంబుల్ మూడోసారి గెలిచాడు. ముప్ఫై మంది పోటీపడే ఆ మ్యాచ్ గెలిచినవాడికి రెజిల్‌మేనియాలో ఛాంపియన్‌తో తలపడే అవకాశం వస్తుంది. ఫిబ్రవరిలో రాక్ అప్పటి ఛాంపియన్ కర్ట్ యాంగిల్ దగ్గర ఛాంపియన్ బెల్ట్ గెలుచుకున్నాడు. ఒకడు తన చోటు తనకి కావాలంటాడు, ఇంకొకడు ఇప్పుడది నాది అంటాడు. ఇద్దరి మాటా న్యాయమే.

మధ్యలో ఆస్టిన్ భార్య డెబ్రాని రాక్‌కి మేనేజర్‌గా పెట్టిన పిట్టకథ ఒకటుంది. దాన్ని మర్చిపోండి. రాసినవాళ్లే మర్చిపోయారు, మ్యాచ్‌లో ఆమె ఊసే లేదు.

మర్చిపోకూడనిది మ్యాచ్‌కి ముందు చేసిన ఇంటర్వ్యూ. కామెంటేటర్ జిమ్ రాస్ ఎదుట ఇద్దరూ కుర్చీల్లో కూర్చుంటారు. అరుపులు లేవు. రాక్ మామూలు ధీమాతోనే మాట్లాడతాడు. ఆస్టిన్ మాత్రం, నిన్ను ఓడించడం నాకు ఎంత అవసరమో నువ్వు ఊహించలేవు అనే అర్థంలో ఒక మాట అంటాడు. కుర్రవయసులో విన్నప్పుడు అది సవాల్‌లా అనిపించింది. నలభైకి దగ్గరపడ్డాక వింటే భయంలా వినిపిస్తుంది. మెడ మీద నమ్మకం లేదు, వయసు ఆగదు, తన కుర్చీలో ఇంకొకడు కూర్చున్నాడు. ఆ చివర ఏం జరగబోతోందో ఆ ఒక్క మాటలోనే చెప్పేశారు. మనమే పట్టించుకోలేదు.

ఇక మ్యాచ్. బెల్ కొట్టకముందే రింగ్ అనౌన్సర్ ఇది నో డిస్‌క్వాలిఫికేషన్ మ్యాచ్, అంటే ఏం చేసినా తప్పు కింద ఓడించని మ్యాచ్ అని చెబుతాడు. కామెంటరీలో ఉన్న జిమ్ రాస్, పాల్ హేమన్ ఇద్దరూ అదేంటని ఆశ్చర్యపోతారు. ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అన్నది అరగంట తర్వాత గాని అర్థం కాదు. ఆస్టిన్‌ది టెక్సస్, అంటే ఆ రాత్రి ఊరంతా అతనిదే. గాజు పగిలిన శబ్దంతో అతను వస్తుంటే స్టేడియం ఊగిపోతుంది. అదే రాక్ వస్తే అరిచి గోల చేస్తారు. వేరే ఏ ఊళ్లో అయినా ఆ ఏడాది అతనికి జేజేలే.

ఒకరి దెబ్బ ఒకరు దొంగిలించడం ఈ మ్యాచ్‌లో నాకు బాగా నచ్చే పని. ఆస్టిన్ సొంత దెబ్బ స్టన్నర్‌ని ఆస్టిన్‌కే రాక్ వేస్తాడు, రాక్ సొంత దెబ్బ రాక్ బాటమ్‌ని రాక్‌కే ఆస్టిన్ వేస్తాడు. కాళ్లు మెలిపెట్టే షార్ప్‌షూటర్ పట్టు ఇద్దరూ వాడతారు. ఆస్టిన్ ఒకచోట తన పాత రోజుల మిలియన్ డాలర్ డ్రీమ్ పట్టు కూడా బయటికి తీస్తాడు. ఇంకేమీ పనిచేయక అటక మీది సామాను దించుకున్న మనిషిలా ఉంటాడు అప్పుడు. రింగ్ గంట కూడా ఆయుధమే. సగం అయ్యేసరికి ఇద్దరి మొహాలూ రక్తంతో తడిసిపోతాయి.

అప్పుడు కంపెనీ అప్పటి యజమాని విన్స్ మెక్‌మాన్ నడుచుకుంటూ వస్తాడు. ఆస్టిన్‌కి ఆయన బద్ధశత్రువు. 1998 నుంచి వాళ్ల గొడవ మీదే కంపెనీ బతికింది. రాక్ తన పీపుల్స్ ఎల్బో దెబ్బ వేసి పిన్ చేస్తుంటే, అంటే రిఫరీ మూడు లెక్కపెట్టేదాకా ఆస్టిన్ భుజాలు నేలకి అదిమి పెడుతుంటే, విన్స్ వెనక నుంచి లాగేస్తాడు. ఏదో పొరపాటు అనుకుంటాం. కాసేపటికి ఆస్టిన్ సైగ చేస్తే విన్స్ కుర్చీతో రాక్‌ని బాదుతాడు. అక్కడ ఆస్టిన్ మొహం చూడండి. ఆశ్చర్యం లేదు, సిగ్గు లేదు, గెలుస్తానో లేదో అన్న టెన్షన్ ఒక్కటే ఉంది. రాక్ మాత్రం మూడు కొట్టేలోపు భుజం ఎత్తుతూనే ఉంటాడు. చివరికి కుర్చీ ఆస్టిన్ చేతికొస్తుంది. ఒక దెబ్బ, రెండు, మూడు... ఇక లెక్కపెట్టబుద్ధి కాదు. జిమ్ రాస్ గొంతు పగిలిపోతుంటుంది. తన మిత్రుడు ఇలా అయ్యాడేమిటని నిజంగా బాధపడుతున్న మనిషి గొంతు అది. పిన్, బెల్ట్, ఆపైన శత్రువుతో చేయి కలపడం, ఇద్దరూ బీరు తాగడం.

విచిత్రమేంటంటే జనం అప్పటికీ ఆస్టిన్‌కే చప్పట్లు కొడుతున్నారు. వాళ్ల ఊరి మనిషి బెల్ట్ గెలిచాడు, ఎలా గెలిస్తే ఏంటి! విలన్‌గా మార్చడానికి లోకంలో అన్ని ఊళ్లుండగా టెక్సస్ ఎంచుకోవడం సరైన పనేనా అని అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ రాత్రికి అంతకన్నా గొప్ప ముగింపు లేదన్నది నా అభిప్రాయం. తర్వాత నెలల్లో దానివల్ల నష్టమే జరిగింది. జనం ఆస్టిన్‌ని తిట్టడానికి సిద్ధంగా లేరు. ఆ రోజు విన్స్‌కి స్టన్నర్ వేసి ఉండాల్సిందని ఆస్టినే తర్వాత చెప్పుకొచ్చాడు.

ఇక అండర్‌కార్డ్, అంటే ఆఖరి మ్యాచ్‌కి ముందు జరిగినవాటి గురించి. షేన్ మెక్‌మాన్, విన్స్ మెక్‌మాన్, అంటే కొడుకూ తండ్రీ, చేసిన స్ట్రీట్ ఫైట్‌లో (ఏ ఆయుధమైనా వాడొచ్చు) రెజ్లింగ్ నాణ్యత గురించి అడక్కండి. ఇద్దరూ రెజ్లర్లు కారు. కానీ కథలో దమ్ముంది. విన్స్ భార్య లిండాకి విడాకులంటాడు, మందులిచ్చి వీల్‌చైర్‌లో కూర్చోబెడతాడు, ఎదురుగానే ట్రిష్ స్ట్రాటస్ అనే మహిళా రెజ్లర్‌తో తిరుగుతాడు. షోకి పది రోజులు కూడా లేవనగా, ఎన్నో ఏళ్లు పోటీగా నిలిచిన డబ్ల్యూసీడబ్ల్యూ అనే రెజ్లింగ్ కంపెనీని ఈ కంపెనీ నిజంగానే కొనేసింది. మార్చి 26న దాని ఆఖరి ప్రసారంలో, కొన్నది తండ్రి కాదు నేను అని షేన్ ప్రకటించినట్టు కథలో కలిపేశారు. నిజం, కథ అతికిన చోటు కనపడకుండా అతకడమంటే ఇదే. ఈ మ్యాచ్‌కి రిఫరీ మాజీ ఛాంపియన్ మిక్ ఫోలీ. ఆఖర్లో విన్స్ భార్యని రింగ్‌లోకి లాగి కుర్చీలో కూర్చోబెడతాడు. ఆయన వెనక్కి తిరిగి ఉండగా ఆమె మెల్లగా లేచి నిలబడుతుంది. ఆ క్షణంలో జనం పెట్టిన కేక ఆ రాత్రి మొత్తంలో ఆఖరి మ్యాచ్‌కి తప్ప ఇంకెవరికీ రాలేదు. ఆమె తన్నిన తన్నుకి కూలిన విన్స్ మొహం ముందు షేన్ చెత్తడబ్బా పెట్టి, రింగ్ ఈ మూల నుంచి ఆ మూలకి ఎగిరి తన్నాడు. ఆ వీల్‌చైర్ ఇల్లాలు 2025లో అమెరికా విద్యాశాఖ మంత్రి అయింది. అది తెలిసి ఇప్పుడు చూస్తే నవ్వాగదు.

ఈ భాగం అంతా హాయిగా చూడలేం కూడా. ఆడవాళ్లని అవమానించే సీన్లు అప్పట్లో వినోదంగా అమ్మారు. ఈ మ్యాచ్‌కి ముందు వారాల్లో ట్రిష్‌తో చేయించిన పనులు ఇప్పుడు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. కర్ట్ యాంగిల్, క్రిస్ బెన్వా మ్యాచ్ టెక్నిక్ పరంగా అద్భుతం. మొదటి నిమిషాలు నేల మీద పట్టుకుస్తీలాగే సాగుతుంది. యాంగిల్ 1996 ఒలింపిక్స్‌లో నిజంగా బంగారు పతకం తెచ్చినవాడు మరి. కానీ 2007లో బెన్వా భార్యనీ, ఏడేళ్ల కొడుకునీ చంపి తానూ చనిపోయాడు. ఆ తర్వాత ఈ మ్యాచ్ చూసి ఆనందించడం నా వల్ల కాలేదు. వదిలేస్తానంటే మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు.

టీఎల్‌సీ గురించి చెప్పకపోతే ఈ రివ్యూ చెల్లదు. బల్లలు, నిచ్చెనలు, కుర్చీలు ఏవైనా వాడొచ్చు, నిచ్చెనెక్కి పైన వేలాడే బెల్టులు దించుకున్న జట్టు గెలిచినట్టు. ఎడ్జ్, క్రిస్టియన్ ఒక జట్టు, హార్డీ అన్నదమ్ములు ఒకటి, డడ్లీలు ఒకటి. 2000 ఏప్రిల్‌లో రెజిల్‌మేనియాలో నిచ్చెనల మ్యాచ్, ఆగస్టులో సమ్మర్‌స్లామ్‌లో మొదటి టీఎల్‌సీ, ఇది మూడోది. మూడూ ఎడ్జ్, క్రిస్టియనే గెలిచారు. పైన వేలాడుతున్న బెల్టులు పట్టుకుని జెఫ్ హార్డీ గాల్లో ఊగుతుంటాడు, కాళ్ల కింద ఏమీ లేదు. ఎదురుగా నిచ్చెన మీద నుంచి ఎడ్జ్ ఎగిరి అతన్ని నడుం దగ్గర పట్టి, ఇద్దరూ కలిసి కింద పడతారు. ఆ పడటంలో స్క్రిప్ట్ ఏమీ చేయలేదు, నేల నేలే. ప్రతిసారీ నా చేయి తెలియకుండానే నా నడుం మీదికి పోతుంది. ఇంతమంది బయటివాళ్లు మధ్యలో దూరడం మాత్రం ఎక్కువైంది. ఆరుగురే సరిపోయేవారు.

అండర్‌టేకర్, ట్రిపుల్ హెచ్. మన దగ్గర అండర్‌టేకర్ అంటే వేరే లెక్క. ఏడుసార్లు చచ్చి బతికాడని స్కూల్లో ప్రమాణాలు చేసి చెప్పుకున్న తరం మాది. అయితే ఈ షోలో వచ్చేది శవపేటికల అండర్‌టేకర్ కాదు, బైక్ మీద వచ్చేవాడు. కొందరికి నిరాశగా ఉంటుంది. కథ ఒక్క ముక్కే: నేను అందరినీ ఓడించేశానని ట్రిపుల్ హెచ్ అంటాడు, నన్ను ఓడించలేదుగా అని అండర్‌టేకర్ అంటాడు. అంత సాదా కారణమైనా సరిపోయింది. ట్రిపుల్ హెచ్‌ని మోటర్‌హెడ్ బ్యాండ్ అక్కడికక్కడే పాడుతూ రింగ్‌లోకి పంపింది. అయితే రిఫరీకి ఒక దెబ్బ తగిలితే ఆయన ఎంతసేపటికీ లేవడు. వీళ్లు జనంలోకి వెళ్లి, ఎత్తైన కట్టడం ఎక్కి, దిగి, కొట్టుకుని తిరిగొచ్చినా ఆయన పడుకునే ఉన్నాడు. మొత్తం షోకి నేను పదికి తొమ్మిది ఇస్తాను. ఆ తగ్గిన మార్కు ఈ రిఫరీదే. గెలిచింది అండర్‌టేకర్, రెజిల్‌మేనియాలో వరసగా తొమ్మిదోసారి. ఆ వరస 2014 దాకా తెగలేదు.

ముందుకి జరిపేయాల్సినవి: చైనా (Chyna), ఐవరీ అనే మహిళా రెజ్లర్ల మ్యాచ్ మూడు నిమిషాల్లోపే అయిపోతుంది. చైనాని అంత గొప్పగా తెచ్చి అంత తక్కువ పని చేయించారు. రైట్ టు సెన్సార్ అనే జట్టు ఆడిన మ్యాచ్ అసలు గుర్తుండదు. జెరికో, రీగల్ మ్యాచ్ పర్వాలేదు, ఎడీ గెరెరో, టెస్ట్‌లది కూడా. కేన్, రేవెన్, బిగ్ షో గోల్ఫ్ బండ్లేసుకుని స్టేడియం వెనకంతా గుద్దుకుంటారు. ఇంట్లో పిల్లలుంటే ఇది వాళ్ల మ్యాచ్. గిమిక్ బ్యాటిల్ రాయల్‌లో పాతకాలం వేషగాళ్లు చాలామంది వస్తారు, పై తాడు మీద నుంచి బయట పడినవాడు ఓడినట్టు. మ్యాచ్ కన్నా వాళ్లు రింగ్ దాకా నడిచి రావడానికే ఎక్కువసేపు పట్టింది. గెలిచింది ఐరన్ షేక్. మోకాళ్లు పాడై తాళ్ల మీద నుంచి కింద పడలేడు కాబట్టే ఆయన్ని గెలిపించారని చెబుతారు. జీన్ ఓకర్లండ్, బాబీ హీనన్‌ల కామెంటరీ కోసమైనా చూడొచ్చు.

కొత్తగా చూసేవాళ్లకి నా సలహా: మొదట ఆస్టిన్, రాక్‌ల ఇంటర్వ్యూ, ఆ తర్వాత పాటతో వచ్చే ప్రోమో, అప్పుడు షో. నాలుగు గంటలకి కాస్త తక్కువ పడుతుంది, ఒకే బిగిన చూడక్కర్లేదు. నచ్చితే మర్నాటి 'రా' (కంపెనీ వారంవారం టీవీ షో) ఎపిసోడ్ కూడా చూడండి. అందులో ట్రిపుల్ హెచ్ వచ్చి ఆస్టిన్ పక్కన చేరతాడు, ఇద్దరూ కలిసి రాక్‌ని చితక్కొడతారు, రాక్ సినిమా షూటింగ్‌కి వెళ్లిపోతాడు. ఆపైన 2003 మార్చి 30, సియాటిల్, రెజిల్‌మేనియా 19. రెజిల్‌మేనియాలో వాళ్ల మూడో పోరు, ఆ మూడింటిలో రాక్ గెలిచింది అదొక్కటే. ఆస్టిన్ మెడ ఇక సహకరించలేదు. ఆ తర్వాత అతను మళ్లీ మ్యాచ్ ఆడింది 2022లో.