మాల్ట్ పాకమా, పొడా?

హైదరాబాద్‌లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచేయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. అందుకే నేను ఈ పని నేర్చుకున్నది అనుమతి ఉన్న అమెరికాలో, తమ్ముడి వంటింట్లో. ఉద్యోగానికి అక్కడికే వెళ్తున్న మిత్రుడు మొన్న అమీర్‌పేటలో ఇరానీ చాయ్ తాగుతూ అడిగాడు: “మొదటిసారికి మాల్ట్ పాకం కొనాలా, పొడి కొనాలా?”

మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. బీరుకు మూలమైన దాని తీపి సారాన్నే చిక్కటి పాకంగానూ, పొడిగానూ అమ్ముతారు. పొడి అనే చెప్పాను. పాకంలో దాదాపు ఐదో వంతు నీరే. కిలో పాకం చేసే పని సుమారు 800 గ్రాముల పొడి చేస్తుంది. పైగా నిల్వ ఉన్నకొద్దీ పాకం రంగు ముదురుతుంది, రుచి తగ్గుతుంది. వేడి తగిలితే ఇంకా త్వరగా. తాజా పాకం దొరికితే మాత్రం నేను ఏ వంకా పెట్టను. పొడిని తేమ తగలకుండా మూత బిగించి ఉంచితే చాలు, మిగిలింది తరువాతి విడతకు పనికొస్తుంది. ధర కాస్త ఎక్కువే.

వేడి నీళ్లలో కలిపేటప్పుడు రెండింటితోనూ జాగ్రత్త అవసరం. పాకం గిన్నె అడుగుకు చేరి మాడిపోతుంది. మంట ఆర్పి, గరిటెతో అడుగుదాకా కలిపాకే మళ్లీ వెలిగించాలి. పొడి ఆవిరి తగలగానే ఉండలు కడుతుంది. ముందుగా చల్లని నీళ్లలో కలిపి పోస్తే ఆ బాధ ఉండదు.

ఏది కొన్నా, కాచినది బాగా చల్లారకముందే పులియబెట్టే ఈస్టు వేయడానికి తొందరపడవద్దని గట్టిగా చెప్పాను. మన మే నెల ఎండలకు అలవాటైన ఒంటికి 28 డిగ్రీలు చల్లగానే అనిపిస్తుంది. ఏల్ అనే రకం బీరుకు వాడే మామూలు ఈస్టుకు అది ఎక్కువ. 18–20 డిగ్రీల దగ్గర పులిస్తేనే రుచి శుభ్రంగా వస్తుంది.