హైదరాబాద్ కొత్తపేటలో నేను కారు నేర్చుకున్న డ్రైవింగ్ స్కూలు: నాలుగు నక్షత్రాలు, ఒకటి ఎందుకు తగ్గించానంటే

ముందుగా వివరాలు చెప్పేస్తాను. రోజుకి అరగంట చొప్పున ఇరవై రోజులు, ఆరు వేల అయిదు వందలు. బండి పాత వ్యాగనార్. నేర్పేవాళ్ల వైపు కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. ఏసీ ఉంది గానీ చల్లగాలి రాదు. నేను చేరింది మే నెలలో, పొద్దున ఆరున్నర బ్యాచ్, కాబట్టి బతికిపోయాను. పదకొండు గంటల బ్యాచ్ వాళ్ల సంగతి నాకు తెలియదు.

నాకు నలభై ఎనిమిదేళ్లు. ఓ ప్రైవేటు స్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకి భౌతికశాస్త్రం చెబుతాను. ఈ వయసులో కారు నేర్చుకోవాలని నేనేమీ కలలు కనలేదు. నిరుడు దసరాకి ముందు నారాయణగూడలో మా వారు స్కూటర్ మీద వెళ్తుంటే, రోడ్డు పక్కన ఆగి ఉన్న కారులో ఒకాయన వెనక్కి చూడకుండా తలుపు తీశాడు. అంతే. స్పీడు లేదు, తాగి లేడు, సిగ్నల్ దాటలేదు. ఫోన్ చెవిలో పెట్టుకుని తలుపు తీశాడు. మా వారు ఆ తలుపుకి తగిలి కుడి పక్కకి, రోడ్డు మధ్యకి పడ్డారు. వెనకొస్తున్న సిటీ బస్సు డ్రైవర్ బ్రేకు వేశాడు కాబట్టి ఈరోజు నేను డ్రైవింగ్ స్కూలు గురించి రాస్తున్నాను. కుడివైపు కాలర్ బోన్ విరిగింది. ప్లేటు వేశారు. కోఠిలో మా స్టేషనరీ దుకాణం మూడు నెలలు సగం రోజులు మూతపడే ఉంది. ఇప్పటికీ ఆ చెయ్యి భుజం దాటి పైకి లేవదు, తల దువ్వుకోవడానికి ఎడమ చెయ్యే. స్కూటర్ అమ్మేశాం. మా మరిది తన పాత ఆల్టో ఇచ్చాడు, నడపాల్సింది నేను.

మా వారిని ఆసుపత్రికి తీసుకెళ్లిన ఆటో అబ్బాయి గేటు దగ్గర దింపేసి, పోలీసులు పేరు రాసుకుంటారని వెంటనే వెళ్లిపోయాడట. ఛార్జీ కూడా తీసుకోలేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 134ఎ అని ఒక సెక్షన్ చేర్చారు. దెబ్బ తగిలినవాళ్లకి సాయం చేసినవాళ్లని కేసుల్లో ఇరికించకుండా కాపాడేది అదే. నాకూ అప్పుడు తెలియదు, ఈ డ్రైవింగ్ స్కూల్లో చెబితేనే తెలిసింది. ఆ అబ్బాయి ఎక్కడున్నాడో గానీ ఎవరైనా అతనికి ఈ సంగతి చెబితే బాగుండు.

సరే, స్కూలు సంగతికి వస్తాను. మొదటిరోజు ఇంజన్ స్టార్ట్ చేయనివ్వలేదు. నేర్పే అతనికి ముప్ఫై అయిదేళ్లుంటాయి, నల్గొండ వైపు మనిషి. మూడు రోజులు మేడమ్ అన్నాడు, తర్వాత అక్కా అన్నాడు. సీటు సర్దుకోవడం, అద్దాలు తిప్పుకోవడం, బెల్టు. ఆ తర్వాత, "మేడమ్, ఇప్పుడు డోరు తీసి దిగుండ్రి" అన్నాడు. నేను కుడిచేత్తో తీశాను. "గట్ల కాదు. ఎడమ చేత్తో తీయుండ్రి" అన్నాడు.

డ్రైవర్ కుడి పక్కన కూర్చుంటాడు కదా. ఎడమచేత్తో కుడివైపు తలుపు అందుకోవాలంటే ఒళ్లంతా తిరగాలి. తిరిగితే అద్దం, దాని వెనకాల రోడ్డు వాటంతటవే కళ్లబడతాయి. చూడాలని గుర్తుపెట్టుకోనక్కర్లేదు, చెయ్యే చూపిస్తుంది. నన్ను పదిసార్లు దిగి ఎక్కమన్నాడు. ఎనిమిదోసారి నాకు ఏడుపొచ్చింది. అతను ఏమీ అడగలేదు, నీళ్ల సీసా ఇచ్చాడు. తర్వాత నేనే చెప్పాను. ఈ ఒక్క పాఠానికే ఆరు వేల అయిదు వందలూ చెల్లిపోయాయి అనుకున్నాను.

రెండో వారం మెయిన్ రోడ్డు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో కింద. అక్కడ తెలుసుగా, యూ టర్న్ దాకా వెళ్లడం బద్ధకమై ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు, పిల్లర్ల మధ్యలోంచి ఊడిపడే మనుషులు, చెయ్యి ఊపకుండానే ఆగిపోయే ఆటోలు. నాకున్న టెన్షన్‌కి ముందు బండి బంపర్‌కి అతుక్కుపోయేదాన్ని. మధ్యలో ఎవరైనా దూరతారేమోనని భయం. అతను మెట్రో పిల్లర్ల మీది నంబర్లు చూపించాడు. ముందు బండి ఒక పిల్లర్ దాటగానే ఒకటి, రెండు, మూడు అని నిదానంగా లెక్కపెట్టాలి. మూడు అయ్యేలోపు మనం ఆ పిల్లర్ దగ్గరికి వచ్చేశామంటే మరీ దగ్గరగా ఉన్నట్టు. "మధ్యలో ఎవడన్న దూరితే?" అన్నాను. "దూరనియ్యుండ్రి. మల్లొక పిల్లర్ పట్టుండ్రి" అన్నాడు. ఇప్పుడు మా వారు పక్కన కూర్చుంటే నేను పైకే లెక్కపెడుతుంటాను, ఆయన నవ్వుతారు.

సిగ్నల్ దగ్గర ఆగితే ముందు బండి వెనక టైర్లు రోడ్డుని తాకే చోటు మన సీట్లోంచి కనిపించాలన్నాడు. కనిపించకపోతే దగ్గరగా ఆగినట్టే. మలక్‌పేట ఎత్తులో ముందు బండి వెనక్కి జారినప్పుడు దీని విలువ తెలిసింది.

అన్నిటికంటే నాకు నచ్చింది పద్నాలుగో రోజు. నాగోల్ దాటాక ఇంకా ఇళ్లు పడని ఒక వెంచర్ రోడ్డు మీదికి తీసుకెళ్లాడు. నీళ్ల సీసా రోడ్డు అంచున పెట్టి, ఇరవై స్పీడులో వచ్చి సీసా పక్కకి రాగానే బ్రేకు తొక్కమన్నాడు. బండి ఆగాక దిగి సీసా దాకా అడుగులు కొలిచాను. తొమ్మిది. తర్వాత నలభై స్పీడులో అదే పని. ఇరవై ఆరు. వేగం రెట్టింపైతే గతిశక్తి నాలుగు రెట్లవుతుందని పదహారేళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను. మరి నాలుగు రెట్లు రావాలి కదా, దాదాపు మూడే ఎందుకొచ్చాయని అక్కడే నిలబడి ఆలోచించాను. సీసా కనబడ్డాక నా కాలు యాక్సిలరేటర్ మీంచి బ్రేకు మీదికి వెళ్లేలోపు బండి పోయిన దూరం కూడా అందులో కలిసింది. ఆ ముక్క వేగంతో పాటు రెండింతలే పెరుగుతుంది. బ్రేకు పట్టాక పోయే దూరమే నాలుగింతలవుతుంది. అరవైలో పోతుంటే సెకనుకి దాదాపు పదిహేడు మీటర్లు. ఫోన్ వంక రెండు సెకన్లు చూస్తే ముప్ఫై మూడు మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. జూన్‌లో బడి తెరవగానే ఈ లెక్క తొమ్మిదో తరగతికి గ్రౌండ్‌లో సైకిళ్లతో చేయించాను.

ఇదే మనిషి, తొమ్మిదో రోజు నేను చైతన్యపురిలో బండి నడుపుతుంటే ఫోన్ మాట్లాడుతున్నాడు! ఎదురుగా ఒక బైకు అడ్డం వచ్చింది, అతని వైపు బ్రేకు ఆలస్యంగా పడింది, నాదే ముందు పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. బండి పక్కకి ఆపి మా వారి భుజం సంగతి మళ్లీ చెప్పాను, ఈసారి కొంచెం గట్టిగానే. మొహం చిన్నబుచ్చుకుని ఫోన్ డాష్‌బోర్డులో పడేశాడు. ఇరవయ్యో రోజు దాకా మళ్లీ తీయలేదు. అయినా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

వెనక సీటు బెల్టు గురించి కూడా ఊరుకోడు. మా అమ్మాయి ఒకరోజు వెనక కూర్చుంటే బెల్టు పెట్టుకునేదాకా బండి కదలనివ్వలేదు. 2022 సెప్టెంబర్‌లో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ పోయింది వెనక సీట్లోనే, బెల్టు లేకుండా, అంత ఖరీదైన కారులో, అని గుర్తుచేశాడు.

ఇంకో రోజు ఆఫీసులో నేను సంతకం పెడుతుంటే ఒకాయన పదో తరగతి పిల్లాణ్ని తీసుకొచ్చాడు. "సెలవులే కదా, నేర్పేయండి, కాలనీలోనే తిప్పుతాడు" అంటున్నాడు. ఓనరమ్మ ఒప్పుకోలేదు. పద్దెనిమిది నిండకుండా బండిస్తే తండ్రికే ఇరవై అయిదు వేలు జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని చట్టం చెప్పింది. ఆయన వినకుండా పక్క వీధి స్కూలుకి వెళ్తానన్నాడు. "పోండి సార్" అంది. ఆ అమ్మకి నా లెక్కలో ఒక నక్షత్రం.

మరి తగ్గించింది ఎందుకంటే, అదే ఆఫీసులో అదే బల్ల దగ్గర కూర్చునే కుర్రాడు నాతో, "టెస్టు సంగతి మాకొదిలేయండి మేడమ్, దానికి వేరే ఛార్జీ, మీరు ఊరికే వచ్చి కూర్చుంటే చాలు" అన్నాడు. లోపల ఇంత బాగా నేర్పిస్తూ బయట ఇదేంటి? నాకు నేర్పిన అతన్ని అడిగితే తల దించుకున్నాడు. నేను ఒప్పుకోలేదు. లెర్నర్స్ వచ్చిన ముప్ఫై రోజుల తర్వాత నాగోల్ ట్రాక్ మీద నేనే ఎనిమిది అంకె తిప్పాను, హెచ్‌లో రివర్స్‌కి మొదటిసారి తప్పాను, రెండోసారి పాసయ్యాను. ఆ ట్రాక్ మీద రాంగ్ రూట్‌లో ఎవరూ ఎదురురారు, ఎవరూ తలుపు తీయరు. అక్కడ పాసైనంత మాత్రాన రోడ్డు వచ్చినట్టు కాదని నాకైతే అర్థమైంది. కానీ అక్కడికి కూడా వెళ్లకుండా కార్డు చేతికొచ్చినవాళ్లు ఎంతమంది నా పక్కన నడుపుతున్నారో అనుకుంటే గుండె దడదడలాడుతుంది.

చేరాలనుకుంటే పొద్దుటి బ్యాచే అడగండి, నల్గొండ అతనే కావాలని అడగండి, ఫోన్ లోపల పెట్టించండి.

ఇప్పుడు రోజూ మా వారిని కోఠిలో నేనే దింపుతున్నాను. ఆయన ఎడమ పక్కన కూర్చుంటారు, కాబట్టి తలుపు తీయాల్సింది కుడిచేత్తో, అంటే సరిగా లేవని ఆ చేత్తోనే. కారుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య ఉన్న సందులోంచి కూడా బైకులు దూరతాయి మన ఊళ్లో. మెల్లగా ఒళ్లు తిప్పి, వెనక్కి చూసి, ఆ చెయ్యి హ్యాండిల్ దాకా తీసుకెళ్లడానికి ఆయనకి కొంచెం సేపు పడుతుంది. వెనక హారన్లు మోగుతాయి. నేను హజార్డ్ లైట్లు వేసుకుని కూర్చుంటాను.