డిజిటల్ మైక్రోస్కోప్: రెండేళ్లు వాడాక నా గొడవంతా స్టాండు మీదే

కొన్న మొదటి వారంలో, 1600 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది, లైట్లు కూడా బాగున్నాయి అంటూ కనపడినవాళ్లందరికీ కొనేయమని చెప్పాను, నెల్లూరులో ఉన్న మా వదిన చేత కొనిపించాను కూడా. రెండేళ్లు దాటింది. మైక్రోస్కోప్ మీద ఇష్టం అలాగే ఉంది కానీ దాంతోపాటు ఇచ్చే ఆ బుల్లి ప్లాస్టిక్ స్టాండు మీద కోపం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.

పెట్టుకోవడానికి కష్టమేం లేదు. ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ వైరు గుచ్చగానే మామూలు వెబ్‌క్యామ్ లాగే కెమెరా యాప్‌లో కనిపించింది, పెట్టెలో వచ్చిన సీడీ అసలు తీయలేదు. 500 నోటు మీద కంటికి ఆనని ‘భారత్’, ‘ఇండియా’ అక్షరాలు వెతికి చదివాం, బియ్యంలో దొరికిన ముక్కుపురుగు ముక్కు చూసి అమ్మ చాలాసేపు అక్కడే కూర్చుండిపోయింది.

అసలు సంగతికొస్తా. మాది చెన్నైలో వేళచ్చేరి, మేడ మీద కుండీల్లో మందారాలున్నాయి, ఎండాకాలం వచ్చిందంటే పిండినల్లి పడుతుంది. కొమ్మకి అంటుకుని దూదిలా కనిపించే సంచిలో గుడ్లుంటాయి. అందులోంచి వచ్చిన పిల్లపురుగులకి మొదట్లో ఒంటిమీద మైనం సరిగా పట్టి ఉండదు, సబ్బునీళ్లకి తేలిగ్గా చచ్చేది అప్పుడే. అవి ఎప్పుడు బయటికొస్తాయో చూసి మరీ మందు కొట్టాలని అమ్మ పట్టు. ఒక ఆదివారం కొమ్మ తుంచి తెచ్చి, ఎక్కువ జూమ్‌లో పెట్టి, గంట పైగా కాపు కాశాం. లేతపసుపు రంగులో ఒకటి కాళ్లు కదుపుతూ అంచుదాకా వచ్చింది. ఫొటో కోసం మైక్రోస్కోప్ మీదున్న బటన్ నొక్కానో లేదో, బొమ్మంతా ఎగిరిపోయింది. మళ్లీ వెతికి పట్టుకునేసరికి ఫ్యాన్ గాలికి వణుకు. “ముందు ఆ ఫ్యాన్ కట్టేయవే” అని అమ్మ. కట్టేశాను, చెమటలు కారుతున్నా కదలకుండా చూస్తున్నాం, ఇంతలో స్టాండు మెడ దగ్గరి గుండ్రటి కీలు దానంతటదే మెల్లగా కిందికి జారింది. ఎక్కువ జూమ్‌లో ముందుభాగం దాదాపు వస్తువుకి ఆనుకునే ఉండాలి కదా, అది పోయి సంచి మీద కూర్చుంది. గుడ్లూ పిల్లలూ అన్నీ నలిగిపోయాయి. అమ్మ ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయింది, నాకు నిజంగా ఏడుపొచ్చింది.

కీలుకి టేపు చుట్టి చూశా, కింద పుస్తకాలు పెట్టి చూశా, ఏదీ నిలవలేదు. చివరికి ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో బ్యూరెట్‌ని, అంటే ఆ పొడవాటి గాజు గొట్టాన్ని, పట్టుకునే స్టాండు గుర్తొచ్చింది! ఇక్కడి ప్యారీస్ కార్నర్ వైపు ల్యాబ్ సామాన్లు అమ్మే కొట్లో దొరికింది, క్లాంపుతో కలిపి 600 అయింది. క్లాంపు నోట్లో పాత సైకిల్ ట్యూబు ముక్క పెట్టి బిగిస్తే ఇక కదలదు. ఫొటో తీయడానికి కూడా ఆ బటన్ ముట్టుకోను, ల్యాప్‌టాప్ కీ నొక్కుతాను. తర్వాతి ఎండాకాలం ఆ పిల్లలు బయటికి రావడం నాలుగు నిమిషాల వీడియో తీశాం, అమ్మ సాయంత్రమే సబ్బునీళ్లు కొట్టింది. ఒకటే ఇబ్బంది, చెన్నై ఉప్పుగాలికి వానాకాలంలో కడ్డీ తుప్పు పట్టింది, నెలకోసారి నూనె రాయాల్సిందే.

మొదట్లో నేను గొప్పగా చెప్పిన ఆ 1600 రెట్లు అన్నది పెట్టె మీది మాటే. స్కేలు పెట్టి చూస్తే నా 15.6 అంగుళాల తెర వెడల్పంతా సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు వస్తోంది, అంటే 230 రెట్లు. అదే బొమ్మని టీవీలో వేస్తే అంకె పెరుగుతుంది కానీ కొత్తగా ఏమీ కనపడదు. లైట్లు కూడా బాగున్నాయని అప్పుడన్నాను, మెరిసే ఆకు మీద మాత్రం తెల్లచుక్కలు పడతాయి, లైట్ల ముందు బటర్ పేపర్ ముక్క అతికిస్తే నయం.

ఆకులు, పురుగులు, బట్ట నేత చూడాలనుకుంటే, ఇంట్లో కదలని బల్ల ఒకటి ఉంటే, కొనండి అనే అంటాను. పిల్లలకి బ్యాక్టీరియా చూపిద్దామంటే ఇది కాదు, దానికి కాలేజీలో ఉండేలాంటి కాంపౌండ్ మైక్రోస్కోపే కావాలి. నాకు మొక్కలున్నాయి, పక్కన కూర్చోవడానికి అమ్మ ఉంది కాబట్టి సరిపోయింది. వదినకి మాత్రం ఈ నెల్లూరు ప్రయాణంలో ఒక బ్యూరెట్ స్టాండు కొని పట్టుకెళ్తున్నా.