టోరెంటా, పాటల యాపా?

ఖర్చు: టోరెంట్‌కు, అంటే ఇతరుల ఫోన్లు, కంప్యూటర్ల నుంచి నేరుగా ఫైళ్లు దించుకునే పద్ధతికి, పైసా అక్కర్లేదు. ప్రకటనలు భరిస్తే చాలా యాప్‌లూ ఉచితమే.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. 2003 సెప్టెంబరులో అమెరికా రికార్డింగ్ కంపెనీలు 261 మందిపై కేసులేశాయి. గురిపెట్టింది అనుమతి లేకుండా నెట్‌లో పాటలు పంచినవాళ్లను. దాంతో కొందరు ఇతరులు పాటలు తీసుకునే షేరింగ్ ఫోల్డర్ మూసేశారు గానీ దించుకోవడం మానలేదు. టోరెంట్‌లో ఆ దారీ లేదు, దించుతుండగానే మన ఫోన్ ఇతరులకు పంచుతుంటుంది. మన కాపీరైట్ చట్టం 63వ సెక్షన్‌లో మూడేళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. కడపలో డబ్బు తీసుకుని మెమరీ కార్డుల్లో పాటలెక్కించే తమ్ముళ్లూ, ఇది మీకు మరీ ముఖ్యం.

శ్రమ: యాప్‌లో వెతికితే చాలు.

ఇంట్లో వైఫై ఉంటే ఉచిత యాప్ సరిపోతుంది. గండికోట దారిలో సిగ్నల్ పోతుందంటారా? చందా కట్టి ముందే ఆఫ్‌లైన్‌లో దాచుకోండి. కళాకారులే ఉచితంగా వదిలిన పాటలకైతే టోరెంట్ నిశ్చింతగా వాడుకోవచ్చు.